వెనక చక్రం ఐదో నట్టు

ప్రభుత్వానికి బోలెడు ఆస్తులున్నాయి. భూములున్నాయి, భవనాలున్నాయి, చెరువులున్నాయి. వాటిలో ఏది ఎక్కడుందో, ఎవడు కలుపుకుని దున్నుకుంటున్నాడో ప్రభుత్వానికి తెలియదు. కానీ మా జిల్లా పశువైద్య కార్యాలయంలోని సంచార వాహనానికి చక్రాల నట్లు ఎన్నున్నాయో, ఏ నట్టు ఏ చక్రంలో ఎన్నోదో మాత్రం పక్కాగా తెలుసు. ఇరవై. చక్రానికి ఐదు చొప్పున. స్టెప్నీని పట్టి ఉంచే నట్టుతో కలిపితే ఇరవై ఒకటి కావాలి. కానీ దాన్ని వాహనంలో భాగంగా చూడాలా, స్టెప్నీలో భాగంగా చూడాలా అన్నది ఇంకా తేలలేదు కాబట్టి ఇక్కడ కలపడం లేదు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును నేనే. నోట్ ఫైళ్లు పెట్టడం, సమావేశాల మినిట్స్ రాయడం, పనిమీద వచ్చినవాళ్లను రేపు రమ్మనడం నా విధులు. మూడింటిలోనూ నాకు మంచి పేరుంది.

ఆరేళ్ల కిందట ఆడిట్ వాళ్లు వచ్చి, "రిజిస్టరులో వాహనం ఒకటి అని రాశారు, అందులో ఏమేం ఉన్నాయో రాయలేదేం?" అని అభ్యంతరం పెట్టి పోయారు. ఇంకో ఆఫీసులో అయితే ఏదో ఒక జవాబు గిలికి పంపేవారు. మా స్టోర్ కీపర్ పరంజ్యోతి అంత తేలిక మనిషి కాదు. కుర్చీలకీ బీరువాలకీ నంబర్లు వేసినట్టే బండికీ మొదలుపెట్టాడు. తలుపులయ్యాయి, అద్దాలయ్యాయి, వైపర్లయ్యాయి. చివరికి బండి పక్కన పీట వేసుకుని నట్ల పనికి దిగాడు. ఒక్కోదానికీ ఎర్ర ఎనామిల్ పెయింటు పూసి, అది ఆరాక సన్న కుంచెతో తెల్లగా నంబరు రాశాడు. ఏటా మార్చిలో స్టాకు తనిఖీ జరుగుతుంది. అప్పటికి నంబరు మసకబారేది కాబట్టి ఏటా ఇంకో పూత, ఇంకో నంబరు.

డబ్బా అడుగున కొంత పెయింటు మిగిలేది. పారబోస్తే ఆడిట్‌కి జవాబు చెప్పాలి. దాచిపెడితే దానికో రిజిస్టరు తెరవాలి. అందుకని మిగిలిందంతా చివరి నట్టుకే పూసేవాడు. వెనక చక్రం, ఎడమ వైపు, ఐదో నట్టు. ఆరు మార్చిలు గడిచేసరికి ఆ నట్టూ, దాని వెనక చక్రమూ ఒకే ముద్దయ్యాయి. మా ఆఫీసు చేసిన పనుల్లో అంత గట్టిగా నిలబడింది ఇంకోటి నేను చూడలేదు.

ఆ సంగతి జూలై మొదటి సోమవారం బయటపడింది.

ఆ రోజు బండి బొంతలగట్టుకు పోవాలి. నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ఊరు. మూడు కురుమ కుటుంబాలు గొర్రెల మందలు మేపుకుని బతుకుతాయి. పక్కనున్న పెద్దలింగాపురంలో గొర్రెలకు పారుడు రోగం తగిలింది. ఆ రోగం వస్తే ముక్కు కారుతుంది, నోరు పుండవుతుంది, విరేచనాలు పట్టుకుని వారం తిరిగేలోగా మందకు మందే ఊడ్చుకుపోతుంది. వచ్చాక చేసేదేమీ లేదు, రాకముందు టీకా వేస్తే ఏమీ కాదు. మా డాక్టర్ నసీమా మందు తెప్పించి, ఐసు పెట్టెలో సర్ది, పొద్దున్నే బండి దగ్గర నిలబడింది. బండి వెనక ఎడమ చక్రం నేలకు అంటుకుని ఉంది. పంచరు.

డ్రైవర్ మొగిలయ్య జాకీ పెట్టాడు, పానా తీశాడు, నాలుగు నట్లు విప్పాడు. ఐదోదాని దగ్గర చెమటలు తుడుచుకుంటూ లేచాడు.

"గిది రాదు సార్. పెయింటు పట్టుకపోయింది. రోడ్డవతల యాకూబ్ భాయ్‌ని పిలుస్త. పానాకు ఇనుప పైపు తొడిగి తొక్కుతడు. పది నిమిషాల పని."

పరంజ్యోతి స్టోరు గదిలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు. "ఆగాగు! దాని మీద నంబరుంది."

"ఉంటే ఏమైతది సార్?"

"పైపు పెట్టి తొక్కితే పెయింటు లేస్తది. పెయింటు లేస్తే నంబరు పోతది. నంబరు పోయాక అది మన నట్టే అని రుజువేంటి?"

మొగిలయ్య నట్టు వంక చూశాడు, బండి వంక చూశాడు. "మన బండికే ఉన్నది గద సార్."

"ఇప్పుడుంది. విప్పాక?"

విషయం సంయుక్త సంచాలకులు డాక్టర్ వైకుంఠరావు గారి దాకా వెళ్లింది. ఆయన మా ఆఫీసుకు పెద్ద. పశువైద్యంలో పట్టా తీసుకుని పాతికేళ్లయింది. పశువును దగ్గరగా చూసి పద్దెనిమిదేళ్లయింది. ఆయన మామూలుగా మాట్లాడినా ఉత్తర్వు చదువుతున్నట్టే ఉంటుంది.

"నట్టు విషయంలో సిబ్బంది తొందరపాటుతో వ్యవహరించరాదు," అన్నారు. "సదరు నట్టు వాస్తవముగానే రావడం లేదా, లేక రావడం లేదని చెప్పబడుచున్నదా అనేది ముందుగా నిర్ధారించవలసి ఉన్నది. ఫైలు పెట్టండి."

పెట్టాను. మధ్యాహ్నానికల్లా త్రిసభ్య కమిటీ ఏర్పడింది. ఆయన, పరంజ్యోతి, నేను. ఎండలో బండి దగ్గర నిలబడి ఒకరి తర్వాత ఒకరం పానా పట్టుకున్నాం. వైకుంఠరావు గారు రెండు వేళ్లతో పట్టుకున్నారు. పరంజ్యోతి నంబరుకు దెబ్బ తగలకుండా చేతిరుమాలు అడ్డం పెట్టి పట్టుకున్నాడు. నా వంతు వచ్చేసరికి నేను తిప్పినట్టు నటించాను. పొరపాటున వచ్చేస్తే కమిటీ వేసిందెందుకని అడుగుతారు కదా. "సభ్యులు విడివిడిగానూ సంయుక్తంగానూ ప్రయత్నించగా నట్టు కదలలేదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాసుకొచ్చి ముగ్గురం సంతకాలు చేశాం.

మర్నాడు బొంతలగట్టు నుంచి బీరవ్వ వచ్చింది. యాభై దాటిన మనిషి. భుజాన గొంగడి, చేతిలో కర్ర. భర్త పోయాక అరవై రెండు గొర్రెల మందను ఒక్కతే చూసుకుంటోంది. ఊరి తరఫున అడగడానికి ఆమే వచ్చింది.

"నిన్న మందలను మేతకు తోలకుంట దొడ్లనే ఆపినం సారూ. పొద్దుమూకేదాంక ఎదురుచూస్తిమి. మీ బండి రాకపాయె."

"సాంకేతిక కారణాల వల్ల వాహనం బయలుదేరలేదమ్మా."

"అంటే?"

"నట్టు రావట్లేదు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్క నట్టుకానా?"

"ఒక్క నట్టే. కానీ ప్రభుత్వ నట్టు."

"పెద్దలింగాపురంల ఇర్వై గొర్లు సచ్చినయ్ సారూ. మాకింక రాలే. రాకముందే సూదేస్తె బతుకుతయని డాక్టరమ్మనే చెప్పింది. ఆ మంద తప్పితె నాకింకేం లేదు. జెర జల్ది చూడుండ్రి."

రేపు రమ్మన్నాను.

ఈ మాటలు విన్న డాక్టర్ నసీమా నేరుగా వైకుంఠరావు గారి గదిలోకి వెళ్లింది. ఐసు పెట్టె స్కూటీ మీద పెట్టుకుని తనే వెళ్తానంది. సాయంత్రానికల్లా మూడు మందలకూ వేసి వస్తానంది. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"డాక్టరు గారూ, మీ ఉత్సాహం అభినందనీయం. అయితే టీకా మందు వాహనం పేరిట కేటాయించబడినది, తమరి పేరిట కాదు. వాహనం లేకుండానే టీకా వెళ్లినచో, వాహనం లేకున్ననూ టీకా సాధ్యమనే తప్పుడు సంకేతం వెళ్తుంది. అప్పుడు వాహనమెందుకని అడుగుతారు. నేడు వాహనమెందుకని అడిగినవాడు రేపు కార్యాలయమెందుకని అడుగుతాడు."

"గొర్రెలు చచ్చిపోతాయి సర్."

"గొర్రెల మీద నాకూ సానుభూతి ఉన్నది."

ఆమె ఇంకా ఏదో అనబోయింది. మర్నాటికల్లా ఆమెను కోళ్ల గణన కోసం జిల్లా ఆ చివరకు డిప్యుటేషన్ వేశారు. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. ఐసు పెట్టె ఫ్రిజ్‌లోకి వెళ్లింది.

ఇక ఉన్న దారి ఒక్కటే, నట్టును కోసి పారేయడం. పనికిరాని ప్రభుత్వ వస్తువును వదిలించుకోవాలంటే దాన్ని కండెమ్ చేయాలి. అందుకో కమిటీ ఉంది, నిబంధనలున్నాయి. పరంజ్యోతి ఆ పుస్తకం తెచ్చి నా బల్ల మీద తెరిచి వేలు పెట్టి చూపించాడు. కండెమ్ చేయదలచిన వస్తువును విడిగా కమిటీ ముందు ఉంచాలి. నట్టును విడిగా ఉంచాలంటే కోయాలి. కోయాలంటే ముందు కండెమ్ కావాలి. నేను మూడుసార్లు చదివాను. ఎటునుంచి చదివినా అంతే.

"పోనీ నట్టుతోపాటు బండిని కూడా కమిటీ ముందుకు తీసుకుపోతే?" అన్నాను.

"ఎట్ల తీసుకుపోతవ్? చక్రంలో గాలి లేదు కదా," అన్నాడు పరంజ్యోతి. నిబంధన అంత చక్కగా కుదిరినందుకు వాడి మొహం వెలిగిపోయింది.

ఏం చేయాలో తెలపమని రాజధానిలోని ప్రధాన కార్యాలయానికి రాశాం. పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. అది జవాబు కాదు, ప్రశ్నావళి. సదరు నట్టు వయస్సెంత? గతంలో ఎప్పుడైనా ఊడినదా? దానిని బిగించిన వ్యక్తి ఎవరు? ఎంత బలంతో బిగించెను? ఆ వ్యక్తి ప్రస్తుతం సర్వీసులో ఉన్నాడా? మిగతా పంతొమ్మిది నట్ల ప్రవర్తన ఎట్లున్నది?

ఒక్కోదానికీ జవాబు రాశాం. బిగించింది ఆరేళ్ల కిందట మొగిలయ్య. సర్వీసులోనే ఉన్నాడు. దాంతో "అవసరానికి మించి బిగించుట ద్వారా ప్రభుత్వ కార్యక్రమాలకు ఆటంకం కలిగించినందుకు నీపై చర్య ఏల తీసుకొనరాదు?" అని మొగిలయ్యకు మెమో వచ్చింది. ఇకమీదట అనుమతి లేకుండా పానా ముట్టుకుంటే సస్పెన్షనే అని కింద ఒక వాక్యం కూడా ఉంది.

మొగిలయ్య మెమో తీసుకుని నా దగ్గరకొచ్చాడు. "లూజుగ బిగిస్తె చక్రం ఊడిపోయి మనుషులు సస్తరు సార్. గట్టిగ బిగిస్తె మెమో. మరి ఎట్ల బిగియ్యాలె?"

"నిబంధనల ప్రకారం," అన్నాను. ఇలాంటి మాటలు నా నోటికి ఎంత సులువుగా వస్తాయో చెప్తే మీరు నమ్మరు.

ఈలోగా రాజధానిలో గాలి మారింది. వేరే జిల్లాలో ఎక్కడో మా శాఖ జీపు చక్రం నడుస్తుండగా ఊడిపోయి, ఓ పెళ్లి పందిట్లోకి దొర్లింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ పేపర్లో ఫోటో పడింది. పైవాళ్లకు చక్రాల మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది. 'నట్టు భద్రతా పక్షోత్సవాలు' జరపాలని సర్క్యులర్ వచ్చింది. ప్రతిజ్ఞ, ర్యాలీ, ఉద్యోగుల పిల్లలకు వ్యాసరచన పోటీ. రాష్ట్రం మొత్తం మీద ఊడని నట్టు ఎక్కడుందా అని వెతికితే ఫైళ్లలో మా నట్టు దొరికింది. ముగ్గురు గెజిటెడ్, నాన్ గెజిటెడ్ ఉద్యోగులు విడివిడిగానూ సంయుక్తంగానూ లాగినా కదలని నట్టు! దానికి ధ్రువీకరణ కూడా ఉంది.

మా నట్టును రాష్ట్రస్థాయి ఆదర్శ నట్టుగా ప్రకటించారు.

అదే వారంలో మొగిలయ్యకు "అత్యంత పటిష్టంగా బిగించినందుకు" ప్రశంసాపత్రం వచ్చింది. మెమో మాత్రం రద్దు కాలేదు. రెండూ వేర్వేరు సెక్షన్ల నుంచి వచ్చినవి. మొగిలయ్య రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత రెండూ కలిపి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

బండి చుట్టూ వెదురు కర్రలు పాతి తాడు కట్టారు. పైన రేకుల షెడ్డు వేశారు. నట్టు కాపలాకు హోమ్‌గార్డును పెట్టారు. "ముట్టుకోరాదు" అని బోర్డు వేలాడదీశారు. పొరుగు జిల్లాల అధికారులు అధ్యయన యాత్రకు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు వంగి చూసేవారు, తల పంకించేవారు, టీ తాగేవారు. "ఎన్ని పూతలు?" అని ఒకాయన అడిగితే పరంజ్యోతి సిగ్గుపడుతూ ఆరని చెప్పాడు. ఆయన నోటుబుక్కులో రాసుకున్నాడు.

బీరవ్వ అప్పటికి నాలుగుసార్లు వచ్చిపోయింది. ప్రతిసారీ రోగం ఓ ఊరు దగ్గరైందని చెప్పేది, ప్రతిసారీ నేను రేపు రమ్మనేవాణ్ణి. ఐదోసారి ఒక్కతే రాలేదు. రోడ్డవతల పంచరు షాపు నుంచి యాకూబ్‌ను వెంటబెట్టుకొచ్చింది. అతని భుజం మీద మూడడుగుల ఇనుప పైపు, చేతిలో డీజిలు సీసా.

గేటు దగ్గర హోమ్‌గార్డు ఆపేశాడు. "పైపుతో లోపలికి పోవద్దు. ఆర్డరుంది."

"అరే సాబ్, పైపు లేకుంటె నట్టు రాదు. నట్టు రాకుంటె బండి పోదు. గింత సమజ్ గాదా?" అన్నాడు యాకూబ్.

బీరవ్వ కర్ర కింద పడేసి చేతులు జోడించింది. "ఎల్లారంల అచ్చింది సారూ. మా ఊరికీ ఎల్లారానికీ నడుమ ఒక్క వాగే ఉన్నది. మొన్న రెండు గొర్రెపిల్లలకు ముక్కులు గారినయ్. జలుబో, గదేనో తెల్వదు. మీ కాళ్లు మొక్కుత, ఒక్క పది నిమిషాలు గీయనను లోపటికి తోలుండ్రి."

గలాటా విని వైకుంఠరావు గారు మెట్లు దిగి వచ్చారు. "అమ్మా, తమరి ఆవేదన అర్థం చేసుకోదగినది. అయితే ఈ నట్టు ఇప్పుడు ఈ కార్యాలయానికి మాత్రమే చెందినది కాదు. యావత్ రాష్ట్రానికి చెందినది. దానిని కదిలించే అధికారం నాకు కూడా లేదు."

"నట్టు రాష్ట్రానిదైతె, మరి గొర్లెవ్వరివి సారూ?"

"గొర్రెలు లబ్ధిదారువి," అన్నారాయన, ఏమాత్రం తడుముకోకుండా.

యాకూబ్ నేల మీద ఉమ్మేసి వెనక్కి తిరిగాడు. బీరవ్వ మాత్రం కదల్లేదు. నా దగ్గరకొచ్చి నా మొహంలోకి చూసింది. "నువ్వన్న చెప్పరాదు సారూ. ఈ ఆఫీసుల రాసేది నువ్వే గద. ఒక్క ముక్క రాస్తె ఏం బోతది?"

నాకు సిగ్గేసింది. నిజంగానే చచ్చేంత సిగ్గేసింది. ఫైలులో 'ఈ పని ఇవాళే చేయాలి' అని ఒక్క వాక్యం రాయడానికి నాకెవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఇరవై రెండేళ్ల సర్వీసులో నేనెప్పుడూ అలాంటి వాక్యం రాయలేదు, అది ఎలా మొదలుపెట్టాలో కూడా నాకు తెలియదు. ఆమె అర్జీ తీసుకుని ముద్ర వేసి రసీదు ఇచ్చాను. ఆమె ఆ రసీదు చూసి, మళ్లీ నా చేతిలోనే పెట్టి వెళ్లిపోయింది.

తర్వాతి వారం మొగిలయ్య సెలవు పెట్టి బస్సులో బొంతలగట్టు వెళ్లొచ్చాడు. సోమవారం ఆఫీసులో నా బల్ల ముందు నిలబడి, నేను అడగకుండానే చెప్పాడు.

"అన్ని పోయినయ్ సార్. బీరవ్వయి యాభై మూడు సచ్చినయ్. తక్కిన తొమ్మిది గూడ ఎట్లన్న సస్తయని అగ్గువకు అమ్ముకున్నది. ఊళ్లె ఒక్క గొర్రె లేదు. గోతులు తవ్వెటోళ్లు లేకుంటె నేను గూడ పార వట్టిన. గొర్రెపిల్లలు సార్, గింతంత పిల్లలు. ఆమె ఏడుస్తలేదు. ఊకె దొడ్డి ఊడుస్తున్నది."

అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను లేచి వెళ్లి ఈ సంగతి వైకుంఠరావు గారికి చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు.

"అవి సదరు వ్యాధి వలననే మరణించినవని మనం ఎట్లు చెప్పగలం? నమూనాలు సేకరించి పరీక్షించవలెను. నమూనాలు సేకరించుటకు వాహనం వెళ్లవలెను. వాహనం వెళ్లనందున నమూనాలు లేవు. నమూనాలు లేనందున వ్యాధి నమోదు కాలేదు. నివేదికలో అట్లే రాయండి."

అట్లే రాశాను.

ఆగస్టు మూడో వారంలో పక్షోత్సవాల ముగింపు సభ మా ఆఫీసు ఆవరణలోనే పెట్టారు. సంచాలకులు గారు, అంటే మా శాఖకంతటికీ పెద్దాయన, రాజధాని నుంచి స్వయంగా వస్తున్నారు. ఆదర్శ నట్టును తమ చేతులతో బిగించి, రాష్ట్రానికి ఆదర్శ బిగింపు ఎలా ఉంటుందో చూపిస్తారట. ఫోటోలు, వీడియో కూడానట.

ఈ కబురు చదివి వైకుంఠరావు గారు నిలువునా చెమటలు కక్కారు. బిగించాలంటే ముందు ఊడాలి కదా.

"ఆ పంచరు షాపు వ్యక్తిని తక్షణమే పిలిపించండి!" అన్నారు. ఫైలు లేదు, కమిటీ లేదు. హోమ్‌గార్డు తాడు ఎత్తి పట్టుకుంటే యాకూబ్ పైపుతో సహా లోపలికి నడిచాడు. నట్టు మీద డీజిలు పోశాడు. సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. పానా తగిలించి, దానికి పైపు తొడిగి, చివర కాలు పెట్టి ఒక్క తొక్కు తొక్కాడు. కీచుమని నట్టు తిరిగింది. నేను గడియారం చూసుకున్నాను. ఆరు నిమిషాలు.

యాకూబ్ నట్టును వైకుంఠరావు గారి అరచేతిలో పెట్టాడు. "గింతే సాబ్. గిదే పని నెలన్నర కిందట పిలిస్తె గప్పుడే చేస్తుంటి."

నట్టు మీద పెయింటు ఒక్క పెచ్చు కూడా లేవలేదు. నంబరు కొత్తగా రాసినట్టుంది. పరంజ్యోతి దాన్ని రెండు చేతులతో అందుకుని, "చెక్కుచెదరలేదు సార్!" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడి చెంప మీద లాగి ఒకటి కొట్టాలనిపించింది. కొట్టలేదు, నేనూ చప్పట్లు కొట్టాను. అందరూ కొట్టారు మరి.

మొగిలయ్య స్టెప్నీ ఎక్కించాడు. సభ అద్భుతంగా జరిగింది. సంచాలకులు గారు పూలదండతోనే వంగి నట్టు బిగించారు. ఉద్యోగులంతా కుడిచేయి చాచి ప్రతిజ్ఞ చేశారు. పచ్చజెండా ఊపే ముందు ఆయన అడిగారు. "ఇంతకీ ఈ వాహనం ఎక్కడికి పోవాలి?"

ప్రయాణాల రిజిస్టరు తెరిస్తే, జూలై మొదటి సోమవారం దగ్గరే ఆగి ఉంది. "బొంతలగట్టు సర్," అన్నాను.

"నేనూ వస్తాను. క్షేత్రస్థాయిని చూసి చాలా రోజులైంది."

ముందు బండి, వెనక నాలుగు కార్లు. బొంతలగట్టులో దిగేసరికి ఊరు చప్పుడు లేకుండా ఉంది. ముళ్లకంప నాటిన దొడ్లు మూడు ఖాళీగా ఉన్నాయి. సంచాలకులు గారు చుట్టూ చూశారు.

"గొర్రెలేవీ?"

"ప్రస్తుతం లేవు సర్," అన్నారు వైకుంఠరావు గారు.

"పారుడు రోగం?"

"నమోదు కాలేదు సర్."

"ఒక్క కేసు కూడా?"

"ఒక్కటి కూడా లేదు సర్."

"టీకాలు ఎన్ని వాడారు?"

"ఒక్కటీ వాడలేదు సర్."

ఆయన మొహం నెమ్మదిగా వికసించింది. "చుట్టుపక్కల గ్రామాలన్నింటిలోనూ వ్యాధి ఉన్నది. ఇక్కడ మాత్రం ఒక్క టీకా వ్యయం కాకుండానే శూన్య కేసులు! వైకుంఠరావు గారూ, ఇది మీరు దాచిపెట్టవలసిన విజయం కాదు."

వైకుంఠరావు గారు వినయంగా తల వంచుకున్నారు.

సంచాలకులు గారి కారులో ఖాళీ ప్రశంసాపత్రాలూ, వాటికి సరిపడే అద్దాల పటాలూ ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయట. నా చేతిరాత బాగుంటుందని నాచేతే ఊరి పేరు రాయించారు. 'పారుడు రోగ రహిత ఆదర్శ గ్రామం, బొంతలగట్టు.' ఊరి తరఫున ఎవరో ఒకరు అందుకోవాలి. బీరవ్వను పిలిచారు. ఆమె పొరక పక్కన పడేసి వచ్చింది. గొంగడి మీదే శాలువా కప్పారు. పత్రాన్ని అద్దంలో బిగించి చేతుల్లో పెట్టారు. ఫోటో తీశారు.

ఆమె ఆ అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నన్నడిగింది. "గిదేంది సారూ?"

"మీ ఊళ్లో పారుడు రోగం లేదని సర్కారు ఇచ్చిన కాగితం," అన్నాను.

ఆమె దొడ్డి వైపు చూసింది. "నిజమే సారూ. లేదు. రానీకి ఏమున్నది గనుక?" అంది. తర్వాత అద్దం నా ముందుకు చాచింది. "దీన్నేం చెయ్యమంటవ్? దొడ్లకు తోలాల్నా?"

సంచాలకులు గారు ఆసక్తిగా ముందుకు వంగారు. "ఏమంటున్నారావిడ?"

వైకుంఠరావు గారు నా వంక చూశారు. అందరూ నా వంకే చూశారు. మినిట్స్ పుస్తకం నా చేతిలో తెరిచే ఉంది, పెన్ను మూత తీసే ఉంది. బీరవ్వ కూడా నన్నే చూస్తోంది.

'లబ్ధిదారు హర్షం వ్యక్తం చేసినారు' అని రాశాను.